అరనిమిషం

మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూచుంటే
ముఖానికి ఎదురుగా ఫోను.
తెగిన జరీపోగుతో జకార్డు కొయ్యకి కట్టినా దాన్ని.
సౌండు పెట్టను. పలక కొట్టే చప్పుడులో ఎట్లాగూ వినపడదు.

మూలన ఎర్రచుక్క పెట్టి లైవు అని రాసింటారు.
నాకు నవ్వొస్తాది.
గోడకవతల హుసేనప్ప ఇంట్లో డిష్షు.
"పాయె!" అని ఒక్క కేక.
నా ఫోన్లో అప్పటికింకా
బౌలరు ప్యాంటుకి బంతి రుద్దుకుంటాండాడు.

అరనిమిషం.
నాడె ఎన్ని మాట్లు పోతాదో ఒకసారి లెక్కేసినా.
పద్నాలుగు.
పద్నాలుగు పోగుల చీర నేసినంక
ఆ పిల్లోడు ఔటయితాడు.
అంతదాకా బ్యాటు నేలకి తట్టుకుంటా నిలబడింటాడు,
మెళ్ళో తాయెత్తు కండ్లకద్దుకుంటాడు.
వానికి తెలీదు.
నాకు తెలుసు, హుసేనప్ప గోడకి తెలుసు.
"నాయనా, దాన్ని వదిలేయ్" అని చెప్పాలనిపిస్తాది.
ఏం లాభం,
ఆ బంతి ఎప్పుడో కీపరు చేతిలో చల్లబడిపోయింటాది.

తొమ్మిదైతే ఫోను మునెమ్మది.
కండెలు చుట్టుకుంటా సీరియల్ చూస్తాది.
అందులో ఎవరికీ తొందర లేదు.
సోమవారం ఎత్తిన చెయ్యి
బుధవారానికి చెంప మీద పడతాది.

పోయినేడు గేట్లెత్తేది కూడా లైవులో చూపిచ్చిరి.
నురగ, పూలు, పసుపు కుంకాలు.
బత్తలపల్లి నుంచి మా బామ్మర్ది నారప్ప ఫోను చేసి
"నీళ్ళొచ్చినాయి బావా" అనె.
"యాడికిరా?"
"టీవీలోకి."
ఆ కాలవలో ఇంకా చక్రం తిరుగుతానే ఉంది.

నిన్న రాత్రి ఆఖరి ఓవర్లో కరెంటు పాయె.
ధర్మవరం అంతా ఒకేసారి "అయ్యో" అనె.
చీకట్లో చెప్పుల చప్పుడు,
హుసేనప్ప, ఆయప్ప వెనక ఇద్దరు పిల్లోళ్ళు,
చేతిలో బొరుగుల గిన్నె.
"నీ దాంట్లో వస్తాందా అన్నా?"
వస్తాందప్పా, రా.
మునెమ్మ కూడా సీరియల్ వదిలేసి ఫోను నాకిచ్చె.

అరచేతంత మైదానం చుట్టూ
ఆరు తలకాయలు.
గుంత అంచున కూచున్న చిన్నోడు దాదాపీర్
పడుగు మీద చెయ్యి పెట్టబోతే హుసేనప్ప కొట్టె.
గోడకవతల నుంచి ఏ కేకా లేదు.
ఎన్నేండ్లకో
నా బంతి నాకు ఎంగిలి కాకుండా వచ్చె.
పరుగు పరుగుకీ గుండె అదిరె.

మూడు బంతులు, ఏడు పరుగులు.
అప్పుడు వచ్చె కరెంటు.
బల్బు కింద అందరి ముఖాలూ తెల్లబడె.
ఎవరూ లేసిపోలే.
కాసేపటికి
గడియేసిన ఇంట్లో టీవీ దానంతటదే మేలుకొని
ఒక్కసారిగా హోరు పెట్టె.
వినే మనిషి లేడు. వేలమంది అరుస్తాండారు
ఖాళీ నులకమంచానికి.

హుసేనప్ప నన్ను చూసె. నేను ఆయప్పని చూస్తి.
ఏదో అయిపోయింది.
మంచో చెడ్డో ఆ హోరుకి ముఖం లేదు.
పిల్లోళ్ళ చెవికి ఎక్కలే.
చెప్పొద్దన్నట్టు కంటితో సైగ చేసె ఆయప్ప.
నేను నాడె తీసుకొని ఊరికే వేళ్ళ మధ్య తిప్పుతాంటి.

"మామా, గెలుస్తామా?" అనె దాదాపీర్.
"చూస్తాము ఉండు" అంటి.

బౌలరు ఇంకా
నడుచుకుంటా వెనక్కే పోతాండాడు.