కట్ట కట్టిన రోజు

ఢిల్లీ నుంచి ఉత్తర్వు తొమ్మిది పేజీలు వచ్చింది.
చదివినవాణ్ణి నేనే,
మూట కట్టినవాణ్ణీ నేనే.
నగరంపాలెం కోర్టులో ఇరవై రెండేళ్ళుగా
నా చేతి ముడి ఊడిందని ఎవరూ అనలేదు.

ఒకటో వస్తువు: కొక్కెం.
టిక్కీ భుజానికెత్తేటప్పుడు గోతంలో గుచ్చేది,
కాటాలో తేడా అడిగిన రాత్రి
ఇశ్రాయేలు మెడలో దిగింది.
రెండో వస్తువు: తువ్వాలు.
నెత్తురు నలుపెక్కింది గాని
మిర్చి ఘాటు మాత్రం నిన్నటిదే.
సీలు వేస్తుంటే అటెండరు తుమ్మాడు, నేను తుమ్మాను,
పక్క గదిలో జడ్జిగారూ తుమ్మారు.
నాలుగేళ్ళలో ఈ కేసులో
అందరం ఒక్క మాట మీద ఉన్నది అప్పుడే.

"ఈ ఊళ్ళో నాకు న్యాయం జరగదు."
పిటిషన్లో వాక్యం ఇది.
కోర్టు మెట్ల మీద కూర్చుని
రాహేలమ్మ నాలుగేళ్ళుగా అంటున్న మాట,
అక్షరం తేడా లేదు.
పిటిషన్ మాత్రం ఆమెది కాదు.
కొట్టు యజమానిది, ముద్దాయిది.
యార్డు ముఠాలన్నీ పని మాని గేటు ముందు నిలబడ్డాయట,
వకీలుకి ప్రాణభయమట.
ఒకే మాట ఇద్దరన్నారు,
బండి ఖర్చులున్నవాడి మాట ఢిల్లీ చేరింది.

అబద్ధమని అనను.
ఆ రోజు రాయి పడ్డ మాట నిజం,
కారు అద్దం పెంకులు నేనే ఊడ్పించాను.
పెద్దకోర్టు తప్పు రాసిందనీ అనలేను.
న్యాయం జరిగితే చాలదు, జరిగినట్టు కనబడాలి అని రాశారు.
కనబడాలి, సరే.
బళ్ళారిలో జరిగేది
నల్లపాడు రోడ్డు మీద నిలబడితే ఎట్లా కనబడుతుందో
ఆ పేరాలో లేదు.

"నా కేసు ఏ పక్కకి పోయింది బాబూ?"
పడమరకని చెప్పాను.
అమరావతి ఎక్స్‌ప్రెస్, రాత్రి ప్రయాణం,
గుంతకల్లు దాటాక బోర్డుల మీద లిపి మారుతుంది,
అప్పుడు సంచీ సర్దుకోమన్నాను.
కాగితం మీద రాసి కూడా ఇచ్చాను.
ఆమెకి ఏ లిపీ రాదని
ఆమె గేటు దాటాక గుర్తొచ్చింది.

వాయిదా నుంచి తిరిగొచ్చి చెప్పింది.
మాట మార్చి చెప్పే అతను మంచోడేనట.
కొక్కేన్ని వాళ్ళూ కొక్కె అనే అంటారట,
అక్కడ ప్రాణం కాస్త కుదుటపడిందట.
అప్పుడు అవతలి వకీలు లేచాడు.
తొడిమలు తీసే చోట అంత ధూళి కదా,
కళ్ళు మండుతుంటే మనిషిని ఎట్లా పోల్చావమ్మా?
"మంటే సామీ. పుట్టిన కాడ్నించీ మంటే.
ఆ మంటలోనే టిక్కీలు లెక్కెడతాం,
ఆ మంటలోనే మొగుణ్ణి పోల్చుకుంటాం."
అతను జడ్జి వైపు తిరిగి
ఉరి, అన్నాడు.
మళ్ళీ అన్నాడు, ఉరి.

బోను కొయ్య పట్టుకుని నిలబడిపోయిందట.
ఇంత తొందరగానా, అనుకుందట.
ముద్దాయి వైపు చూసింది.
అతనూ తెలుగువాడే.
పెదవులు సున్నం రంగయ్యాయి.

అక్కడ మంటనే ఉరి అంటారని
బయట టీ కొట్టువాడు చెప్పాడట.

"పోన్లే బాబూ,
ఆ ఒక్క నిమిషం నాదే గదా" అంది.
పై నెల పద్దెనిమిదికి మళ్ళీ వాయిదా.
టిక్కెట్టు ఖర్చుకి ముఠా మేస్త్రి దగ్గర
ముందే తీసుకుందట.

మా బీరువాలో ఆ కట్ట ఉన్నచోట
దుమ్ము పట్టని చదరం ఒకటి మిగిలింది.
కొత్త కట్టలు అక్కడ పెట్టమంటే
అటెండరు పెట్టడు.
తుమ్మొస్తుందంటాడు.