మూడు చుక్కలు

కైకలూరు చేపల లారీ.
ఐసునీళ్లూ చెరువుగట్ల బురదా తాగి తాగి
మానిఫోల్డు బోల్టులు బెల్లంపాకం రంగుకి తిరిగాయి.
పన్నెండింట్లో ఎనిమిది దిగాయి.
నాలుగు భీష్మించుక్కూర్చున్నాయి.

పదహారు పదిహేడు పానా తీశాను.
"కెజియా, ఆగు," అన్నాడు జాన్ సైదా మేస్త్రి.
"నోరు తెరిచిన పానా రెండు చెంపలే పట్టుకుంటుంది.
మంకుపట్టు మనిషికి రెండు చెంపలు చాలవు.
రింగు పానాకి పన్నెండు మూలలు,
కొత్త బోల్టుకైతే ముద్దే,
తుప్పు తిన్న తలకి పన్నెండూ జారుడుబండలే.
ఆరు మూలల గోటీ తే.
తలకీ గోటీకీ మధ్య వెంట్రుక దూరకూడదు."

అప్పటికే వెనక బోల్టుని ఒకసారి తిప్పి ఉన్నాను.
చెప్పలేదు.
ఆయన బొటనవేలితో తడిమి
అరిగిన మూల దగ్గర ఆగాడు.
తిట్టలేదు.
ఆటోనగర్లో, వందడుగుల రోడ్డు మీద,
బాడీ కట్టే షెడ్లన్నీ ఒక్కసారి రేకులు కొట్టినా
అంత చప్పుడు కాదు.

తీగబ్రష్షుతో గీకి
కిరసనాయిల్లో బ్రేకాయిలు కలిపి పోశాం.
"రాత్రంతా తాగనీ."
హౌరా లోడు ఆగిపోయిందని
ఓనరు పెద్దిరాజు గారు ఏడుసార్లు ఫోను.
"బోల్టుకి మీ లోడు సంగతి తెలీదండీ," అన్నాడు మేస్త్రి.

పొద్దున్నే అరకిలో సుత్తి.
తలమీద మూడు దెబ్బలు,
మేకు కొట్టినట్టు కాదు,
తెల్లారకముందు ఎవరింటి తలుపో తట్టినట్టు.
"ఇప్పుడు బిగించు."
"విప్పాలి కదా మేస్త్రీ?"
"రవ్వంత బిగించు. తర్వాతే విప్పడం."
మూరెడు రాడ్డు చాలన్నాడు, పైపు తొడగనివ్వలేదు.
పైపు బలం చేతికి తెలీదట,
తెలిసేలోగా తల తెగుతుందట.
ఆయన ఎడమ చూపుడువేలు సగంలో ఎందుకు ఆగిందో
ఆ మాట దగ్గర అడగాల్సింది. అడగలేదు.

కిర్రుమంటే వస్తున్నట్టు.
హల్వాలా మెత్తగా తిరిగితే ఆపెయ్యాలి,
లోపల మెడ సాగుతోందని.
ఒకటి కిర్రుమంది.
రెండోదీ మూడోదీ కూడా, గొణుక్కుంటూ.

ఇక వెనకది, క్యాబిన్ గోడకి ఆనుకుని, నేను పాడుచేసింది.
పదిహేడు తలకి పదహారు గోటీ
సుత్తితో దిగ్గొట్టాం.
గ్యాసు మంట తలకి కాదు,
చుట్టూ ఉన్న పోత ఇనుముకి.
పట్టుకున్నది వదలాలి గానీ
పట్టుబడ్డదాన్ని కాల్చి ఏం లాభం.
ఆ సందులోకి మేస్త్రి మోచెయ్యి పట్టదు.
నాది పట్టింది, చర్మం కాస్త అక్కడే వదిలి.

"ఎవడు బిగించాడో గానీ," పళ్లు కొరుకుతూ అన్నాను,
"ఆ రోజు ఎవరిమీద కోపమో!"

కిర్రు.

వేస్టుగుడ్డతో తల తుడిచాను.
తుప్పు కింద పంచి గుర్తు,
పొయ్యిరాళ్లలా మూడు చుక్కలు.
మా షెడ్డు గుర్తు.
చేరిన రోజు నుంచీ నాచేత కొట్టిస్తున్నదే.

మేస్త్రి అరచేతిలో వేసుకున్నాడు.
ఇంకా కాలుతోంది.
ఈ చేతిలోంచి ఆ చేతికి, ఆ చేతిలోంచి ఈ చేతికి మార్చాడు.
కింద పెట్టలేదు.
"రెండువేల ఆరు," అన్నాడు.
ఆ ఏడాది దాకా షెడ్డు ఇద్దరిది.
బోర్డు మీద ఆయన పేరు పక్కన
సున్నం పూసిన జాగా ఒకటి ఇప్పటికీ ఉంది.
వానాకాలం వస్తే
అందులోంచి ఏదో అక్షరం కొమ్ము బయటపడుతుంది,
దసరాకి మళ్లీ పూయిస్తాడు.

కొత్త బోల్టులకి నల్ల గ్రీజు రాశాం.
"రేపెవరో విప్పుతారు," అన్నాడు.
రెండు వేళ్లతో తిప్పుతూ
మర దానంతటది కూర్చునేదాకా ఆగాం.
పదకొండు ఆయనే బిగించాడు.
పన్నెండోదానికి రాడ్డు నా చేతికిచ్చి
టీకి వెళ్లిపోయాడు,
పాత బోల్టు చొక్కా జేబులో వేసుకుని.

బిగించాను.
ఎవరిమీదా కోపం లేకుండా బిగించడం
అనుకున్నంత తేలిక కాదు.
ఒక్క వీసం ఎక్కువైందేమోనని
వెనక్కి తీసి, మళ్లీ తిప్పాను.

పెద్దిరాజు గారి ఫోను మోగుతోంది.