చేరనోళ్ళు

బొమ్మనహాళ్ దాటినాక
హగరి ఏటి పక్క ఇసుక దిబ్బలు మొదలైతాయి.
నిన్న చేన్లో ఉన్న దిబ్బ
ఈపొద్దు రోడ్డు మీద ఉంటుంది.
బోరు లారీ కూరుకుపోయి మూడు గంటలు.
డ్రైవరు సిగ్నలు వెతుక్కుంటూ దిబ్బెక్కినాడు.
నేను, రాడ్లెత్తే కూలీని,
టైరు నీడలో కూర్చుని
నిన్నటి సజ్జరొట్టె తుంచుకుంటా ఉన్నాను.

మాళింగప్ప అప్పుడొచ్చినాడు,
నలభై గొర్రెలు, ఒక గొంగడి, కంట్లో పువ్వు.
రొట్టె అడిగినాడు. సగమిచ్చినాను.
అందులో తునక విరిచి
తలకంటే ఎత్తులో పట్టుకున్నాడు కాసేపు.
ఎవరికప్పా, అంటే
"చేరనోళ్ళకి" అన్నాడు.

"మబ్బు పడమటి నుంచి వస్తాది గదా,
కొండల అవతల్నే కురిసి కురిసి
మనదాకా వచ్చేసరికి దానికాడ మిగిలేది అప్పే.
అయినా సిగ్గుపడి నాలుగు చినుకులు ఇడుస్తాది.
అవి తాటిచెట్టంత ఎత్తులో ఉండంగానే
ఎండ తాగేస్తాది.
నీళ్ళు పోతాయి సరే,
నేలకు రావాలనే ఆశ యాడికి పోతాది?
అదే వాళ్ళు."

మొదట చెవులే మొలిచినాయంట వాళ్ళకు,
జొన్నాకుల్లా పొడుగ్గా, కొనలు వంగి,
ఉరుము ఎంత దూరమో వినడానికి.
తర్వాత వేళ్ళు.
పాదాలు అన్నిటికంటే చివర, అవీ సగమే.
అందుకే ఇసుకలో నడిచినా జాడ పడదు.
గాలి గీసిన గీతలని మనమనుకునేవి
వాళ్ళ చేల గట్లు.

వాళ్ళకు ఏడాది లేదు, వాన ఉంది.
ఒక వానకు ఒక వయసు.
మాళింగప్ప ముత్తాత చూసిన పిల్ల
ఇంకా పాలపండ్లతోనే ఉంది.
తుఫాను పట్టిన ఒక ఏడు
ఊరంతా రాత్రికి రాత్రి మీసాలొచ్చి
ఒకర్నొకరు గుర్తుపట్టలేక
తెల్లవార్లూ నవ్వినారంట.

పెళ్ళికి ముహూర్తం ఒకటే,
ఒకే వారంలో రెండు వానలు.
పందిట్లో కూర్చున్న జంటలు కూర్చున్నట్టే ఉన్నాయి.
దొంగతనానికి శిక్ష లేదు, దాచుకుంటే ఉంది:
మంచును కుండలో దాచినోణ్ణి
మూడు వానలదాకా ఎవరూ పలకరించరు.
ఇక పేర్లు,
అవి సగమే పెడతారు.
ఒకడు 'తొల', ఒకడు 'జడి',
ఒకామె ఉత్త 'మె'.
మిగతా సగం నేల చెప్పాల.

"చావు లేదా వాళ్ళకి?"
"చావంటే మన మాట.
నిజమైన వాన పడినప్పుడు
చినుకు వెంట ఒకరు దిగుతారు.
'చేరినాడు' అంటారు.
ఆ పొద్దు వాళ్ళింట్లో కొర్రన్నం, బెల్లం."

రొట్టె నా గొంతులో ఆగింది.
మొన్న కణేకల్లు కాడ ఎనిమిదొందల నలభై అడుగులు దింపినాం,
తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాలేదు.
రైతు ఎర్రిస్వామి కేసింగు పైపుకు చెవి ఆనించి
పొద్దుగుంకేదాకా లేవలేదు.
మేము తవ్విన గుంతల్లో
వాళ్ళు దిగి చూస్తారా, అని అడిగినాను.

"దిగరు," అన్నాడు గొర్రెల్ని అదిలిస్తూ.
"దొంగదారిన పోతే చేరినట్టు గాదు."

"నువ్వు చూసినావా, మాళింగప్పా?"
"ఈ పువ్వు పడిన కన్ను
ఊరికే ఉండాదనుకున్నావా?"

ట్రాక్టరొచ్చి లాగింది.
తిరిగి చూస్తే దిబ్బ మీద గొర్రెపెంటికలు,
రొట్టె తునక లేదు.
చీమలు కావచ్చు.

రాయదుర్గం మలుపులో
అద్దం మీద ఒక చుక్క.
అలవాటుగా కిటికీలోంచి చెయ్యి చాపినాను,
అంతలోనే
కాలినట్టు వెనక్కి లాక్కున్నాను,
అడ్డం పడతానేమోనని.

"ఇది వాన గాదులేరా," అన్నాడు డ్రైవరు
వైపరు వెయ్యకుండానే.

నేను వంగి చూస్తా ఉన్నాను.
రోడ్డు వారన దుమ్ములో
శనగ్గింజంత గుంత.
ఎవరో, బహుశా ఆ 'మె',
ఇప్పుడు పూర్తి పేరుతో.