నలభై ఏళ్ల రంగు

అదానాలో మా పళ్ల ల్యాబు కింద
ఒక టీ కొట్టు, దాని పక్కనే షల్గమ్ బండి.
నల్ల క్యారెట్ పులిసిన ఆ ఊదా రసం
చొక్కా మీద పడిందా,
చొక్కా సంగతి మరిచిపోవాల్సిందే.

కిందటి నెల
చిటికెనవేలి గోరంత పింగాణీ బిళ్లలు
గ్లాసుల్లో నానేశాను.
టీలో కొన్ని, కాఫీలో కొన్ని, షల్గమ్‌లో కొన్ని.
ఒంటి వేడి దగ్గర ఇరవై ఎనిమిది రోజులు.
తోడుగా రెజిన్ బిళ్లలూ వేశాను.

రెజిన్ మూడో రోజుకే లొంగిపోయింది.
వారం తిరిగేసరికి పాత దిండు గలీబు రంగు.
పింగాణీని మాత్రం కుళాయి కింద పట్టి
బొటనవేలితో ఒక్కసారి రుద్దితే
ఏమీ ఎరగనట్టు తెల్లగా చూసింది.
రంగు కొలిచే యంత్రంలో అంకె ఒకటి దాటలేదు.
అంతకంటే చిన్న తేడాని
మనిషి కన్ను పోల్చుకోలేదు.

ఒక్క బిళ్ల తప్ప.
దాని గాజుపూత మీద
నా చేతి డ్రిల్లు జారి గీసిన గీత,
నాకే ఆనని గీత,
షల్గమ్ కనిపెట్టింది.
అక్కడే కాపురం పెట్టింది.

ఇదంతా చెబితే ఫెవ్జి ఉస్తా నవ్వాడు.
ఆ బండి ఆయనదే.
నవ్వితే ముందుపన్ను ఊడిన సందు,
దానికి అటూ ఇటూ
ముదురు టీ రంగు గుమ్మాలు.
"తెల్లది పెట్టకమ్మాయ్,
నా నోట్లోకి ఎవరో
చుట్టపుచూపుగా వచ్చినట్టుంటుంది."

అందుకే ఈ రాత్రి
మూడు వెంట్రుకల కుంచెతో
పంటి మెడ దగ్గర గోధుమరంగు అద్దుతున్నాను.
టీ అంటని దానికి
టీని నేనే అంటిస్తున్నాను.
పదహారో ఏట బండి తోసిన ఉదయాలు ఇంత,
పటాలంలో తాగిన కాఫీ ఇంత,
గుల్సెరెన్ ఆస్పత్రిలో ఉన్న చలికాలం
వరండాలో తెల్లవార్లూ తాగిన టీ...
అది కాస్త ఎక్కువ పడింది.
తుడవలేదు.

పైన గాజుపూత. ఆ పైన కొలిమి.
తీసి చల్లారబెడితే
అచ్చం ఆయన పన్నే.

ఇక దీనికి ఏ రంగూ ఎక్కదు, దిగదు.
పక్క పళ్లు ముదురుతూనే ఉంటాయి,
రోజుకి తొమ్మిది గ్లాసుల చొప్పున.
ఇది మాత్రం ఈ మార్చి నెల దగ్గరే
కూచుండిపోతుంది.

రేపు డాక్టరు బిగిస్తాడు.
అద్దం చేతికిచ్చేటప్పుడు
చెప్పాలో వద్దో తెలియడం లేదు:
ఇంకో పదేళ్లకి, ఉస్తా,
నీ నోట్లో తెల్లగా కనబడేది
ఈ మరకే.