ఎడమవైపు

ఇరవై ఒకటో రోజు పొద్దున
ఎడమవైపు నాది కాకుండా పోయింది.
ఎర్రగా, రాయిలా బిగుసుకుని,
చంకదాకా ఒక వేడి గీత పాకి,
జాకెట్టు తగిలినా
గోటికింద ముల్లు దిగినట్టు.

బయట విశాఖ మే నెల ఉక్క.
నా మీద రెండు దుప్పట్లు,
అయినా పళ్లు టకటకలాడుతున్నాయి.
పాప నోరు తెరిచింది.
కళ్లు మూసుకుని లెక్కపెట్టాను.
ఏడు దగ్గర కేకేశాను.

"దిష్టి" అంది దేముడమ్మ అత్త.
పక్క వాటా సన్యాసమ్మ వచ్చి
"ఆ పాలిప్పుడు ఇషం, పట్టకు" అంది.
సాయంత్రానికి పూర్ణా మార్కెట్ నుంచి
రెండు మూరల మల్లెపూలు వచ్చాయి,
జడకి కాదు,
రొమ్ముకి కట్టి పాలు ఎండగట్టడానికి.

మర్నాడు కేజీహెచ్‌లో ఎస్తేరు సిస్టర్
ఆ పూలు విప్పి బల్లమీద పెట్టింది.
"ఎండగట్టకమ్మా. ఆ వైపూ పట్టు.
విషం కాదు, పాలే. ఆగితేనే గడ్డ."
డాక్టరమ్మ మాత్రలు రాసింది.
సిస్టర్ తన పిడికిలినే బిడ్డ తల చేసి
గడ్డం ఎటుండాలో, నోరెంత తెరవాలో చూపించింది.
నా వెనక వరసలో నలుగురు తల్లులు
మెడలు చాచి నేర్చుకున్నారు.
అత్త గోడకానుకుని, ఏమీ అనకుండా చూసింది.

చల్లగా కాపమన్నారు. మాకు ఫ్రిజ్ లేదు.
రాత్రి రెండింటికి, డ్యూటీ మధ్యలో,
హార్బరు నుంచి పైడిరాజు వచ్చాడు
టిఫిన్ క్యారేజీ నిండా ఐసుతో.
కోనాం చేపల కోసం పొడి చేసిన ఐసు.
తువ్వాల్లో చుట్టి నా మీద పెడితే
గదంతా రేవు వాసన.
"ఏటే, వేలంపాటకి ఎట్టీమంటావేటి నిన్ను?" అన్నాడు.
నవ్వాను. నవ్వితే నొప్పి.
కొట్టబోయాను. చెయ్యెత్తితే నొప్పి.
సైకిలెక్కి మళ్లీ పోయాడు.

అప్పుడు, లైటు ఆర్పకుండానే,
అత్త నా పక్కన కూర్చుని
జాకెట్టు హుక్కులు తీసింది.
కుడివైపు, కింద,
చిటికెనవేలంత మచ్చ,
లోపలికి లాక్కుపోయి.
"నాకూ పూలే కట్టేరు.
గడ్డై, కత్తెట్టి కోసేరు.
పాలు ఆగిపోనాయి.
ఆడికి గంజి పట్టేను."

ఆడు ఏమయ్యాడని నేనడగలేదు.
పైడిరాజుకి ఒక అన్న ఉండేవాడని
ఆ రాత్రిదాకా నాకు తెలీదు.
పైడిరాజుకి తెలుసో లేదో
ఇప్పటికీ తెలీదు.

హుక్కులు పెట్టుకుని
పాప తల అరచేతిలోకి తీసుకుంది.
సిస్టర్ చూపించినట్టే గడ్డం తిప్పి,
నోరు పెద్దగా తెరిచేదాకా ఆగి,
ఎడమవైపు పట్టించింది.
"లెక్కెట్టు" అంది.

ఒకటి. రెండు.
ఏడు దగ్గర ఆమె మణికట్టు పట్టుకున్నాను,
గాజు విరిగేటంత గట్టిగా.
పదమూడు దగ్గర
లోపలెక్కడో ముడి కొంచెం వదులైంది.
పాప గుటకేసిన చప్పుడు
ఇద్దరికీ వినపడింది.

ఐసు కరిగి చాప తడిసింది.
ఎవరమూ లేవలేదు.