చిటికెనవేలు

పదకొండింటికి తపేలా మూత తీస్తాను.
ఆవిరి ముందు కళ్ళద్దాలకి, తర్వాత మొహానికి.
అంచులోంచి ఒక్క మెతుకు తీసి
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతాను.
పలుకు లేదు.
"ఏసోబూ, గుడ్డ పట్టు, వార్చేద్దాం."

రోజుకి రెండొందల విస్తళ్ళు మా మెస్సులో.
గవర్నరుపేట గుమాస్తాలు, మందుల కంపెనీ కుర్రాళ్ళు,
సూర్యారావుపేట ఆసుపత్రుల్లో ఎవరినో పడుకోబెట్టి
ఏడవడానికి ముందు తినడానికొచ్చేవాళ్ళు.
చెయ్యి కడుక్కుంటూ అందరూ అడిగేది ఒకటే:
"బసవపూర్ణక్కా, అన్నం తిన్నావా?"
తిన్నానంటాను.
అన్నం ముట్టి పద్నాలుగు నెలలైంది.

పథ్యమంటే బీరకాయ, మిరియాల చారు,
మెత్తగా కలిపిన అన్నమని ఎరిగినదాన్ని.
ఒంట్లో బాగోలేదంటే మా అమ్మ ముందు మాన్పించేది మాంసమే.
ఆటోనగర్‌లో లేతు మిషను నడిపే జోజిబాబు
ఒకరోజు విస్తరి ముందు కూర్చుని
అన్నం వద్దన్నాడు, కూర రెండుసార్లు వేయించుకున్నాడు.
నవ్వాను.
ఆర్నెల్ల తర్వాత అతని నడుము చూసి నవ్వడం మానేశాను.

ఇప్పుడు కరీముల్లా కొట్లో నాకోసం
ఎవరూ అడగనివి పక్కన పెడతాడు.
కొవ్వు ముక్కలు, మెడ, కార్జం,
తలకాయ దొరికిన రోజు తలకాయ.
ఉప్పు, పసుపు.
కారం మానమన్నాడు జోజిబాబు.
గుంటూరులో పుట్టాన్రా నాయనా, అది నావల్ల కాదన్నాను.

మొదటి వారమే పడిపోయాను.
అన్నం మానాను గానీ మాత్రలు మానలేదు.
పప్పు వడ్డిస్తూ వడ్డిస్తూ చెమటలు, వణుకు,
గిన్నె జారింది.
ఏసోబు నా నోట్లో గుప్పెడు పంచదార పోశాడు.
ఎవర్ని తిట్టుకుంటూ బతుకుతున్నానో
వాడే వచ్చి లేపాడు.
డాక్టరమ్మ కేకలేసింది.
మాత్ర సగం చేసింది.
"ఇది నేను చెప్పిన తిండి కాదు.
చెప్పకుండా మాత్రలు మార్చొద్దు, కిడ్నీ పరీక్ష మానొద్దు" అంది.
మొన్న కాగితం చూసి
పదిన్నర మీద గీత కొట్టి ఆరు పాయింటు ఎనిమిది రాసింది.
మెచ్చుకోలేదు. ఇంకోసారి చూసింది, అంతే.

పాల బాకీ పక్కన, గ్యాసు బండ పక్కన,
పద్దుల పుస్తకంలోనే రాసుకుంటాను నా అంకెలు.
వైశాఖంలో ఒక రాత్రి మాత్రం పెద్దంకె ఉంటుంది.
నూజివీడు రసాలు కావు, వాటిని గెలిచాను.
తపేలా అడుగున మాడుచెక్క,
బంగారు రంగుది,
గోకి, చీకట్లో నిలబడి, దొంగలా తిన్నాను.
రెండొందల నలభై.
దాన్ని కొట్టెయ్యలేదు.

ఇదంతా ఎందుకంటే మంచం కింద ఒక జత చెప్పులున్నాయి.
ఆయనవి.
కుడిది అరిగిపోయింది.
ఎడమది ఇంకా కొత్తగానే ఉంది.
ముందు వేలికి స్పర్శ పోయింది,
మేకు దిగినా తెలీలేదు,
తర్వాత వేలు, తర్వాత పాదం, తర్వాత మనిషి.

అందుకే పోయిన మంగళవారం
మెతుకు నలిపితే నాకేమీ తెలియనప్పుడు
పొయ్యి ముందు నిలబడిపోయాను.
ఉడికిందనే వార్చాను.
మూడో బంతిలో ఎవరో "పలుగ్గా ఉందక్కా" అన్నారు.
నా మెస్సులో ఆ మాట పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి.

డాక్టరమ్మ నా చూపుడువేలు తిప్పి తిప్పి చూసి,
సూదితో తాకి, "తెలుస్తోందా?" అంది.
తెలుస్తోంది.
"ఏం లేదు, రోజూ అక్కడే పొడిచి పొడిచి కాయ కాసింది.
వేలు మార్చు."

ఎసరుకి ఒక్క మెతుకు చాలినట్టే
ఒంటికి ఒక్క చుక్క చాలు.
రెండిటికీ ఒకే వేలు వాడానిన్నాళ్ళూ.

ఈ పొద్దున చిటికెనవేలు పొడిచాను.
నూట పద్దెనిమిది.
చూపుడువేలిని జాకెట్టుకి తుడుచుకుని
తపేలా మూత తీశాను.