మెడల గంట

సిరొంచ దాటి, బాట ఆగినచోట
మోటార్‌సైకిల్ దిగాను.
మే నెల. టేకు చెట్లు
గుడ్డ చిరిగిన గొడుగుల్లా ఉన్నాయి.
చెరువు సగం ఇంకి
ఒడ్డున తన పాత గీతలు చూపిస్తోంది.

కల్లంలో తునికాకు కట్టలు పేరుస్తూ లచ్చుబాయి
"ఏం తప్పిపోయింది బిడ్డా, ఎద్దా?"
ఏం లేదు, ఊరికే చెరువు చుట్టూ నడుద్దామని, అన్నాను.
నమ్మలేదు.
"మెడల గంట ఉన్నదా మరి?"

మధ్యాహ్నానికి సీసాలో నీళ్లు కాగిపోయాయి.
రేగుముళ్లు రెండుసార్లు చొక్కా పట్టి వెనక్కి పిలిచాయి.
అవతలి ఒడ్డున
కొంగ కాలు మార్చేంతసేపు నేనూ నిలబడ్డాను.
అప్పుడు, పొదల్లో ఎక్కడో, సన్నగా...
గాలేలే అనుకున్నా.
చెవి మాత్రం అటే వదిలేసి నడిచాను.

పొద్దు వాలింది. మళ్లీ అదే కల్లం.
"దొరికిందా?"
"గంట వినబడ్డది."
"అయితే యాడికి పోదు" అని
దోసెడు తునికి పండ్లు
నా టోపీలో పోసింది.